నది మీద వేసే దారి: అక్లావిక్ ఊరికి చలికాలపు ప్రయాణం
(రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కెనడా వాయవ్య కొసన, మెకెంజీ నది ఆర్కిటిక్ మహాసముద్రంలో కలిసే డెల్టాలో అక్లావిక్ అనే చిన్న ఊరుంది. జనాభా సుమారు 600. ఆ ఊరికి ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. వేసవిలో పడవలు వెళతాయి, చిన్న విమానాలు అన్ని కాలాల్లోనూ వెళతాయి, చలికాలంలో నది గడ్డకట్టిన తరువాత నది మీదే రోడ్డు వేస్తారు. ఆ రోడ్డు మీద నేను ఆ ఊరికి వెళ్లి వచ్చాను. ఆ రోడ్డును ఏటా కొత్తగా కట్టే పని గురించీ, దాని కోసం ఎదురుచూసే ఊరి చరిత్ర గురించీ ఈ సాయంత్రం మీకు కలిపి చెప్పాలని నా కోరిక. రోడ్డు సంగతి తెలియనిదే ఆ ఊరి మొండితనం అర్థం కాదు, ఊరి చరిత్ర తెలియనిదే అంత కష్టపడి ఆ రోడ్డు ఎందుకు వేస్తారో అర్థం కాదు.

డెల్టా అంటే ఏమిటో గోదావరి ఒడ్డున ఉన్న మీకు నేను వివరించనక్కరలేదు. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి లంకలను చుట్టుకుని సముద్రానికి ఎలా వెళుతుందో, వరదల్లో ఆ లంకల్లోని ఊళ్లకు పడవ తప్ప మరో ఆధారం ఎలా ఉండదో, నీరు తీసిన తరువాత ఇసుక మీద వేసుకున్న బాట మళ్లీ వరద రాగానే ఎలా కొట్టుకుపోతుందో మీరు చూస్తూనే ఉన్నారు. మెకెంజీ డెల్టాలోనూ నేల స్వభావం అదే, ఒండ్రు మట్టి, కోతకు గురయ్యే ఒడ్లు, ఏటేటా కాస్త కాస్త జరిగే పాయలు. అయితే అది 13,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం కలిగిన డెల్టా. దానిలో వేల సంఖ్యలో చెరువులున్నాయి. మట్టి అడుగున ఎన్నడూ కరగని ఘనీభవించిన నేల ఉంది. ఏడాదిలో సగానికి పైగా నీరంతా గడ్డకట్టి ఉంటుంది. మెకెంజీ కెనడాలోకెల్లా పొడవైన నది. గ్రేట్ స్లేవ్ సరస్సులో మొదలై 1,700 కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి ప్రవహిస్తుంది. 1789లో ఆ నది వెంట సముద్రం దాకా వెళ్లిన అలెగ్జాండర్ మెకెంజీ పేరు దానికి పెట్టారు గాని, ఎగువనున్న డెనె మూలవాసులకు అది డెహ్‌చో, డెల్టా ముఖద్వారంలోని ఇనువియాలుయిట్ మూలవాసులకు కూక్‌పాక్.

అక్లావిక్‌కు వెళ్లాలంటే ముందు ఇనువిక్ చేరాలి. ఇనువిక్ ఆర్కిటిక్ వృత్తానికి 200 కిలోమీటర్ల ఉత్తరాన, డెల్టా తూర్పు అంచున ఉన్న పట్టణం. అక్కడ డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా సూర్యుడు ఉదయించడు. పడమటనున్న యూకాన్ ప్రాంతం వైపు నుంచి అక్కడికి డెంప్‌స్టర్ రహదారి అనే కంకర రోడ్డు 700 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. 1979లో తెరిచిన ఆ రహదారి కూడా పీల్ నదిని, మెకెంజీ నదిని వంతెనలు లేకుండానే దాటుతుంది. వేసవిలో వాహనాలను ఫెర్రీ మీదకెక్కించి దాటిస్తారు, చలికాలంలో గడ్డకట్టిన నీటి మీదుగా నడుపుతారు. అంటే ఇనువిక్ చేరేసరికే నది మీద బండి నడపడం ఎలా ఉంటుందో ప్రయాణికుడికి కొంత తెలిసివస్తుంది. డెల్టా పడమటి అంచున, రిచర్డ్‌సన్ పర్వతాల ఛాయలో, పీల్ పాయ ఒడ్డున ఉన్న అక్లావిక్ ఇనువిక్‌కు పక్షిలా ఎగిరితే దాదాపు 55 కిలోమీటర్లే. పాయల వంపులను అనుసరిస్తూ పోయే మంచుదారి మాత్రం దానికి రెట్టింపు, సుమారు 117 కిలోమీటర్లు.

ఈ దారిని గురించి వినగానే చాలామంది, నది గడ్డకట్టింది కాబట్టి దాని మీద బండ్లు పోతున్నాయని సరిపెట్టుకుంటారు. అది సగం నిజం మాత్రమే. నది తనంతట తాను గడ్డకట్టి ఇచ్చేది ఎగుడుదిగుడు పలక. దాన్ని బరువు మోసే రోడ్డుగా మార్చేది ఆ ప్రాంతపు కార్మికుల, ఇంజనీర్ల పని. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరును కాబట్టి ఈ భాగం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

నీటిపై తేలే మంచు పలక మీద బరువు పెట్టినప్పుడు ఆ పలక పళ్లెంలా కాస్త కిందికి వంగుతుంది. వంగిన మేరకు కింది నీరు దాన్ని పైకి నెడుతుంది. బరువును చివరికి మోసేది ఆ నీరే అయినా, ఆ బరువును విశాలంగా పరచి నీటికి అందించే పని పలకది. పలక వంగి విరగకుండా ఉండటానికి ఎంత మందం కావాలన్నది ప్రశ్న. కెనడా జాతీయ పరిశోధన మండలిలో పనిచేసిన లార్న్ గోల్డ్ అనే శాస్త్రవేత్త, మంచు మీద బండ్లు క్షేమంగా దాటిన సందర్భాలనూ, కుంగిపోయిన సందర్భాలనూ ఎన్నో సేకరించి, 1971లో ఒక సులభమైన సూత్రాన్ని ప్రకటించారు. మందం ఎన్ని సెంటీమీటర్లో దాన్ని వర్గం చేసి, జాగ్రత్తతో కూడిన ఒక గుణకంతో, ఉదాహరణకు 4తో, గుణిస్తే మోయదగిన బరువు కిలోల్లో వస్తుంది. 25 సెంటీమీటర్ల మందానికి 2,500 కిలోలు, 50 సెంటీమీటర్లకు 10,000 కిలోలు, మీటరు మందానికి 40,000 కిలోలు. మందం రెట్టింపైతే మోసే శక్తి నాలుగింతలవుతుందన్నది ఇందులో గుర్తుపెట్టుకోవలసిన సంగతి. సీజను మొదట్లో చిన్న బండ్లను మాత్రమే అనుమతించి, వారాలు గడిచేకొద్దీ పెద్ద ట్రక్కులను అనుమతించడానికి కారణం అదే. పైగా ఆ లెక్క స్వచ్ఛమైన, గాలి బుడగలు లేని మంచుకే వర్తిస్తుంది. కురిసిన మంచు నీటిలో నాని గడ్డకట్టగా ఏర్పడే తెల్లని పొరకు బలం తక్కువ. జాగ్రత్తపరులైన ఇంజనీర్లు దాని మందంలో సగాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

మందం ఎలా పెరుగుతుందన్నది మరో సంగతి. మంచు పలక పైనుంచి కిందికి పెరుగుతుంది. అడుగున ఉన్న నీటిలోని వేడి పలక గుండా పైకి వచ్చి చలిగాలిలో కలిసిపోతేనే కొత్త పొర ఏర్పడుతుంది. పలక మందమయ్యేకొద్దీ ఆ వేడి బయటకు రావడం కష్టమవుతుంది, అందువల్ల మొదటి 30 సెంటీమీటర్లు త్వరగా వచ్చినా ఆ తరువాతివి నెమ్మదిగా వస్తాయి. పైన కురిసిన మెత్తని మంచు ఉన్నా అంతే, అది వేడిని బయటకు పోనివ్వదు. కాబట్టి పలక తేలికపాటి యంత్రాలను మోసేంత గట్టిపడగానే కార్మికులు చేసే మొదటి పని ఆ మెత్తని మంచును పక్కకు తోసేయడం. అలా తోయగానే మైనస్ 30 డిగ్రీల గాలి నేరుగా పలకను తాకి అది అడుగు వైపు మరింత పెరుగుతుంది. చాలని చోట రంధ్రం చేసి, పంపుతో నదిలోని నీటినే తోడి పైన పలుచగా పరచి గడ్డకట్టనిస్తారు. అది గట్టిపడ్డాక మరో పొర పోస్తారు. డ్రిల్లుతో రంధ్రాలు చేసి మందం కొలవడం పాత పద్ధతి. ఇప్పుడు బండి వెనక రాడార్ పరికరాన్ని లాగుతూ దారి పొడవునా మందం నమోదు చేస్తారు. ఆ తొలి కొలతల కోసం పలుచని మంచు మీదకు మొదట అడుగుపెట్టేవారి ధైర్యాన్ని, అంతకన్నా వారి జాగ్రత్తను, నేను ఎంతో గౌరవిస్తాను. తరువాత మనలాంటివాళ్లం వేడి గాలి వీచే బండిలో కూర్చుని నిశ్చింతగా పోగలగడం వారి శ్రమ వల్లనే.

ప్రవాహం ఉన్న నీరు కాబట్టి ప్రమాదాలు లేకపోలేదు. ప్రవాహం వేగంగా ఉన్నచోట అడుగు మంచు అరిగి పలుచబడుతుంది. చలికాలం గడిచేకొద్దీ నదిలో నీటిమట్టం తగ్గినప్పుడు ఒడ్డుకు అంటుకున్న మంచు అడుగున నీటి ఆసరా లేకుండా వేలాడుతుంది. నీరు పగుళ్ల గుండా పైకి ఉబికి, కురిసిన మంచు కింద కనబడకుండా నిలుస్తుంది. ఉష్ణోగ్రత ఒక్కసారిగా బాగా పడిపోయినప్పుడు పలక కుదించుకుని కొత్త పగుళ్లు వస్తాయి, కాబట్టి చలి ఎంత ముదిరితే అంత క్షేమం అన్న మాట అన్నివేళలా నిజం కాదు. బరువైన ట్రక్కును మంచు మీద గంటల తరబడి నిలిపితే పలక నెమ్మదిగా సాగుతూ కుంగుతుంది. కదులుతున్న బండిని మోసే మంచు నిలిచిన బండిని మోయకపోవచ్చు.

అన్నిటికన్నా విచిత్రమైనది వేగం వల్ల వచ్చే ప్రమాదం. బండి కదులుతున్నప్పుడు పలకలోని వంపు దానితోపాటు కదులుతుంది, అడుగు నీటిలో ఒక అల పుడుతుంది. ఆ అల తన సహజ వేగంతో పోతుంది. ఆ వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. 4 మీటర్ల లోతులో గంటకు సుమారు 22 కిలోమీటర్లు, 10 మీటర్ల లోతులో గంటకు సుమారు 36 కిలోమీటర్లు. బరువైన బండి సరిగ్గా ఆ వేగంతోనే పోతే, అల బండి కింద నుంచి తప్పుకోలేక పెరిగి పెరిగి పలకను విరగ్గొట్టగలదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 సెప్టెంబరు నుంచి ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌కు లడోగా సరస్సు మంచు మీదుగా ఆహారం తీసుకువెళ్లిన దారిలో సోవియట్ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని పరికరాలతో కొలిచి తెలుసుకున్నారు. మందమైన మంచు మీద చిన్న కారుకు దీనివల్ల భయం లేదు. సరుకు నింపిన ట్రక్కులకు మాత్రం వేగ పరిమితి, బండికీ బండికీ మధ్య దూరం ఖచ్చితంగా నిర్ణయిస్తారు. ఒడ్డును సమీపించేటప్పుడు అల ఒడ్డుకు తగిలి వెనక్కి తిరిగి వస్తుంది కాబట్టి అక్కడ మరింత నెమ్మదిగా పోవాలి.

నేను వెళ్లింది మార్చి నెలలో. వెలుతురు తిరిగి వచ్చి ఉంటుంది, మంచు ఇంకా పూర్తి మందంతో ఉంటుంది, కాబట్టి చూడటానికి వెళ్లేవారికి అది మంచి కాలం. నడిపినవారు డెల్టాలోనే పెరిగిన ఒక పెద్దాయన. బయలుదేరేముందు రాత్రంతా ఇంజనును వెచ్చగా ఉంచే హీటరుకు కరెంటు తీగ తగిలించి ఉంచారు. బండి వెనక పార, తాళ్లు, చలిని తట్టుకునే నిద్ర సంచులు, రెండు పూటల తిండి, ఉపగ్రహ ఫోను సర్దారు. దారిలో పెట్రోలు బంకు గాని టీ కొట్టు గాని ఉండవు. మొబైల్ సిగ్నల్ ఉంటుందన్న ఆశ కూడా పెట్టుకోకూడదు.

ఒడ్డు నుంచి వాలుగా దిగి నది మీదకు రాగానే రోడ్డు ఆశ్చర్యం కలిగించేంత వెడల్పుగా ఉంది. రెండు పక్కలా తోసిన మంచు గట్టులా నిలిచింది. ఆ గట్లకు అవతల పొట్టి స్ప్రూస్ చెట్లూ, విల్లో పొదలూ. ఇంకొంత ఉత్తరానికి పోతే ఆ చెట్లు కూడా ఉండవు. గాలి ఊడ్చిన చోట్ల మంచు నల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. దిగి వంగి చూస్తే తెల్లని పగుళ్లు నిలువునా లోపలికి పోతూ కనబడ్డాయి, ఆ పగుళ్ల లోతును బట్టే కాళ్ల కింద ఎంత మందం ఉందో ఊహించవచ్చు. ఆ పగుళ్లను చూసి నేను భయపడ్డాను. పొడిగా ఉన్న పగుళ్లు పలక తన చలిని తాను సర్దుకున్న గుర్తులే తప్ప విరిగిన గుర్తులు కావనీ, తడి కనిపించిన పగుళ్ల దగ్గరే ఆలోచించాలనీ ఆ పెద్దాయన ఓపికగా చెప్పారు. ఒక పాయ నుంచి మరో పాయలోకి తిరిగే ప్రతి మలుపునూ ఆయన నీటి పేరుతోనే గుర్తించారు, రోడ్డు పేరుతో కాదు. వేసవిలో పడవ మీద తిరిగే దారీ అదే, చలికాలంలో బండి మీద తిరిగే దారీ అదే.

ఇక ఊరు. చెక్క ఇళ్లు, స్కూలు, చర్చిలు, దుకాణం, పోలీసు ఠాణా ఉన్నాయి; మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి లేని ఇల్లు అరుదు. గ్విచిన్ మూలవాసులూ ఇనువియాలుయిట్ ప్రజలూ కలిసి నివసించే ఊరది. బయటినుంచి వెళ్లినవారు ఎక్కువగా అడిగేది ఆల్బర్ట్ జాన్సన్ సమాధి ఎక్కడని. 1932లో పోలీసుల నుంచి వారాల తరబడి మంచు కొండల్లో తప్పించుకు తిరిగి, చివరికి ఫిబ్రవరి 17న కాల్పుల్లో చనిపోయిన ఆ మనిషి అసలు ఎవరన్న ప్రశ్న ఆసక్తికరమైనదే కావచ్చు; కాని తరతరాలుగా అక్కడ బతికినవారి చరిత్రను పక్కన పెట్టి, దారినపోయిన ఒక అపరిచితుని కథతోనే ఆ ఊరిని గుర్తుపెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ చరిత్ర ఇది. 1912లో హడ్సన్స్ బే కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టింది. డెల్టాలో విస్తారంగా దొరికే మస్క్‌రాట్ అనే నీటి జంతువు తోళ్లకు మంచి ధర ఉన్న రోజుల్లో అక్లావిక్ ఆ ప్రాంతమంతటికీ కేంద్రమైంది. ఆసుపత్రులు, రేడియో స్టేషను వచ్చాయి. 1929 డిసెంబరులో విమానంలో తపాలా వచ్చింది. పిల్లలను కుటుంబాల నుంచి వేరుచేసి, వారి భాషలను మాన్పించిన మిషనరీ వసతి పాఠశాలలు కూడా అక్కడే నడిచాయి. ఆ గాయం ఇవాళ్టికీ మానలేదు. 1950లు వచ్చేసరికి, వరదలకు మునిగే, ఒడ్డు కోసుకుపోయే, అడుగున మంచు కరిగితే బురదయ్యే ఆ నేల మీద ఊరు పెరగడానికి వీలులేదని ప్రభుత్వం నిర్ణయించి, తూర్పున గట్టి నేల మీద కొత్త పట్టణం కట్టింది. అదే ఇనువిక్. 1958లో దానికి ఆ పేరు పెట్టారు. 1961లో ప్రధాని డీఫెన్‌బేకర్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. కార్యాలయాలు, ఆసుపత్రి, ఉద్యోగాలు అన్నీ అక్కడికి తరలాయి. అక్లావిక్ ఇక ఉండదనే అందరూ అనుకున్నారు.

అయితే చాలామంది కదలలేదు. వేటకూ, చేపలకూ, బోన్లు పెట్టే చోట్లకూ, పర్వతాల నుంచి దిగే కారిబూ అనే జింకజాతి జంతువుల మందలకూ దగ్గరగా ఉన్నది తమ ఊరేనని, ప్రభుత్వం వెళ్లిపోయినంత మాత్రాన ఊరు వెళ్లిపోదని వారు నిలబడ్డారు. ఎన్నటికీ ఓటమి ఒప్పుకోవద్దన్నది ఆ ఊరి నినాదం. వారి పక్షాన నిలిచిన ప్రధానోపాధ్యాయుడు మూస్ కెర్ పేరే ఇవాళ ఊరి స్కూలుకు ఉంది. ప్రభుత్వం చెప్పిన వరద భయం అబద్ధం కాదు. 2006లో వరద వచ్చి జనాన్ని ఖాళీ చేయించవలసి వచ్చింది. నీరు తీశాక మళ్లీ తిరిగి వచ్చారు. ఆ నేల ముప్పు ఎలాంటిదో బయటి నిపుణులకన్నా వారికే బాగా తెలుసు. తెలిసే ఉన్నారు. ఒక ఊరు ఎక్కడ ఉండాలో తేల్చే హక్కు ముందుగా ఆ ఊరివారిదేనని నేను నమ్ముతాను. ఆ ఊరికి దారి వేయడం ఆ హక్కును గౌరవించే పని అని కూడా నమ్ముతాను.

మరి శాశ్వతమైన రోడ్డు ఎందుకు వేయరని మీరు అడగవచ్చు. పొరుగున, సముద్ర తీరంలో ఉన్న టుక్టోయాక్టుక్ ఊరికి అలాగే వేశారు. ఇనువిక్ నుంచి ఆ ఊరికి దశాబ్దాలపాటు నది మీద, సముద్రపు మంచు మీద సాగిన 187 కిలోమీటర్ల చలికాలపు దారిని 2017 ఏప్రిల్‌లో చివరిసారిగా మూసి, అదే ఏడాది నవంబరు 15న దాదాపు 140 కిలోమీటర్ల కంకర రహదారిని తెరిచారు. దానికి సుమారు 30 కోట్ల కెనడియన్ డాలర్లు ఖర్చయింది. ఆ రహదారి డెల్టాకు తూర్పునున్న మెట్ట నేల మీదుగా పోతుంది. అక్లావిక్‌కు పోవాలంటే డెల్టానే అడ్డంగా దాటాలి. పాయ పాయకూ వంతెన కావాలి, ఒండ్రు నేలలో కంకర దొరకదు, రోడ్డు వేసిన చోట అడుగున ఘనీభవించిన నేల కరగకుండా చూడాలి, వసంతంలో మంచు పెళ్లలతో వచ్చే వరదకు వంతెనలు నిలవాలి. అందుకే అక్లావిక్‌కు ఇప్పటికీ నదే దారి.

ఆ దారి సాధారణంగా డిసెంబరులో మొదలై ఏప్రిల్ చివరి దాకా ఉంటుంది. పడవలు ఆగిపోయి రోడ్డు ఇంకా తెరవని శరత్కాలపు వారాల్లోనూ, రోడ్డు మూసి పడవలు ఇంకా మొదలుకాని వసంతపు వారాల్లోనూ విమానమే గతి. తాజా కూరగాయలు, పాలు, పండ్లు బరువుకు తగ్గ విమాన ఛార్జీతో వస్తాయి. రోడ్డు తెరిచిన వెంటనే కుటుంబాలు ఇనువిక్ వెళ్లి నెలలకు సరిపడా సరుకులు తెచ్చుకుంటాయి, వైద్యం కోసం, బంధువుల పెళ్లిళ్ల కోసం, హాకీ పోటీల కోసం ప్రయాణాలు మొదలవుతాయి. ఇల్లు కట్టే కలప, పెద్ద యంత్రాలు ఆ నెలల్లోనే రావాలి, లేదా వేసవి బార్జీల కోసం ఆగాలి. 1950ల నుంచి ఇనువిక్ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రత 3 డిగ్రీలకు పైగా పెరిగింది. నది ఆలస్యంగా గడ్డకట్టిన ఏడాది, రోడ్డు తెరవడం వాయిదా పడిన ప్రతి వారం ఆ ఊరికి డబ్బు రూపంలోనూ, ఒంటరితనం రూపంలోనూ భారమే. ఆ వేడిని పుట్టించిన పొగలో ఆ ఊరి వాటా ఎంత స్వల్పమో ఆలోచించండి.

మీలో ఎవరైనా, లేక కెనడాలో ఉన్న మీ పిల్లలెవరైనా వెళ్లదలిస్తే రెండు మాటలు. ఆ ప్రాంత ప్రభుత్వం రోడ్ల పరిస్థితిని ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. అది చూడకుండా, మూసి ఉందన్న బోర్డు దాటి, ఎవరి బండి జాడనో నమ్ముకుని వెళ్లవద్దు. బయలుదేరేటప్పుడు ఎన్నింటికి చేరతారో ఇనువిక్‌లో ఒకరికి చెప్పి వెళ్లండి. ఈస్టరు సమయంలో వెళితే ఆ ఊరి వసంతోత్సవం చూడవచ్చు, చుట్టుపక్కల ఊళ్లవారు కూడా అప్పుడే వస్తారు. మనుషులను, ఇళ్లను, ఆరబెట్టిన తోళ్లను ఫొటో తీసేముందు అడగండి. వారు కాదనరు, కాని అడగకపోవడాన్ని మరచిపోరు.

ఇక మీ ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.